నిలువుకాళ్ళ కొలువు

పూర్వము తపస్సు చేయదలచినవాడు అడవులకు పోయెడివాడు. ఆహారము తగ్గించి, మాట మానుకొని, ఒంటికాలిపై నిలిచి, ఇష్టదైవము ప్రత్యక్షమగునంతవరకు కదలక మెదలక యుండెడివాడు. ఈ కాలమున అంత శ్రమ యక్కరలేదు. హైదరాబాదు నుండి 65వ నంబరు జాతీయ రహదారిపై పడమరగా బయలుదేరి, సంగారెడ్డిని, సదాశివపేటను వెనుకవేసి, కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న జహీరాబాద్ పట్టణము చేరి, అచ్చట అద్దపు గోడలతో మిరుమిట్లు గొలుపు బట్టల షోరూములలో ఏదేని యొకదానియందు అమ్మకపు కొలువున కుదురుకొన్నచో చాలును: ఉదయము పదింటికి లేచిన షట్టరు రాత్రి తొమ్మిదిన్నరకు దిగువరకు, ఒంటికాలిపై గాక రెండు కాళ్ళపై నిలుచు రాయితీతో, ఏసీల చల్లదనమున, తపస్సు నిరాటంకముగా సాగిపోవును. భగీరథునకు తుదకు గంగ దిగివచ్చినది. ఇచ్చటి తాపసులకు ప్రత్యక్షమగువాడు ఫ్లోర్ మేనేజరు. అతడును వరమిచ్చుటకు గాక, గోడకు ఆనుకొన్నవారెవరో చూచిపోవుటకు వచ్చును.

ఈ నిలుచుట బట్టల వర్తకమున అనాదిగా వచ్చిన ఆచారమని ఇప్పటి యువతరము భ్రమపడుట కవకాశమున్నది గనుక, పాత బజారులోని దుకాణమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. నేలపై పరుపు, పరుపుపై తెల్లని దుప్పటి, గోడకు చేర్చిన బాలీసులు, ఒక మూల గల్లాపెట్టె, దాని వెనుక సేటు. ఇంతియే నాటి షోరూము. సేటు కూర్చుండెడివాడు, గుమాస్తా గజంబద్దను ఒడిలో పెట్టుకొని కూర్చుండెడివాడు, కొనవచ్చినవారు గడపయొద్ద చెప్పులు విడిచి, పరుపు అంచున మఠము వేసికొని, చాయ్ వచ్చువరకు వానలను గూర్చియు, అల్లపు ధరను గూర్చియు మాటలాడి, పిదప తీరికగా చీరల ప్రస్తావన తెచ్చెడివారు. పై అరనుండి మూట దింపవలసినపుడు మాత్రము కుర్రవాడొకడు లేచెడివాడు. ఆ దుకాణము ధర్మక్షేత్రమని నేననుట లేదు. సేటు లెక్కలు సేటుకే తెలిసియుండెడివి. గుమాస్తా జీతము దసరా మామూలు కలుపుకొన్నను ఆ మూలనున్న గల్లాపెట్టె మూతను ఎత్తజాలని దుర్బలత కలది. ఆ తెల్లని దుప్పటిపై అన్ని కులములవారికిని చోటు దొరకెడిది కాదనుటయు నిజమే. అయినను, అమ్మువాడు కూర్చుండుట కొనువానికి అవమానమన్న మహత్తర సిద్ధాంతము ఆ అజ్ఞానపు కాలమున ఎవరికిని తోచలేదు.

అది నవనాగరకులకు తోచినది. పరుపు పోయి పాలరాయి వచ్చినది. దీపము పోయి సూర్యుని సిగ్గుపరచు విద్యుత్కాంతి వచ్చినది. సినిమాతార యొకతె వచ్చి రిబ్బను కత్తిరించి, కొద్ది నిమిషములు చేయి ఊపి, ఆ పూట ట్రాఫిక్కును పోలీసులకు అప్పగించి పోయినది. అట్లని నూతన షోరూమున ఆసనములే లేవనుకొనుట పొరపాటు. క్యాషు కౌంటరు వెనుక తిరుగుడు కుర్చీ కలదు. చీరల విభాగమున, భార్యలు బేరము ముగించువరకు కాలక్షేపము చేయు భర్తల నిమిత్తము, మెత్తని సోఫా కలదు. పిల్లల బట్టల విభాగమున ఒక ప్లాస్టిక్ బాలుడు జీన్సు తొడిగికొని, కాలుమీద కాలు వేసికొని, ప్రతిష్ఠాపన దినమునుండి నేటివరకు లేవకుండ కూర్చుండియున్నాడు. వానిని ఏ మేనేజరును మందలింపలేదు. వీనికి తోడు ప్రతి విభాగమునను ఒక స్టూలు కూడ కలదు. అది పై అరలందుటకు ఎక్కవలసినదే కాని, కూర్చుండవలసినది కాదు.

కారణమేమని యడిగినచో యాజమాన్యమువారు ఎంతయు మృదువుగా సెలవిత్తురు: కూర్చున్నవారిని చూచినచో కస్టమరు చిన్నబుచ్చుకొనును, నిలుచున్నవారిని చూచినచో ఉత్సాహము పొందును, ఉత్సాహము పొందిన కస్టమరు ఒక చీరకు వచ్చి మూడు కొనును. అనగా ఆ పిల్లల పిక్కలలో పుట్టిన నొప్పి గుండెను చేరక, నేరుగా గల్లాపెట్టెను చేరునట్టి రక్తప్రసరణ విధానమొకటి వైద్యశాస్త్రమునకు తెలియకుండ కనిపెట్టబడినదన్నమాట. ఆ ప్రసరణమున లోపము రాకుండుటకు కప్పున కెమెరాలు బిగింపబడినవి. సెల్‌ఫోనులు ఉదయముననే లాకరులో పండుకొనును, భాగ్యవంతములు. ఆలస్యముగా వచ్చినచో కోత. సాయంకాలము ఇంటికి పోవునపుడు సంచి తనిఖీ. నడుమ మరుగుదొడ్డికి పోయి వచ్చుటకు పట్టిన కాలమును లెక్కించు గణితవేత్త యొకడు ప్రతి అంతస్తునను నియుక్తుడై యుండును.

ఇంతవరకు చెప్పినది ఏ పట్టణపు షోరూమునకైనను చెల్లును. జహీరాబాద్ కొలువునకు ప్రత్యేకమైన విద్య యొకటి కలదు. ఇచ్చటికి ఝరాసంగం, న్యాల్కల్, కోహీర్ పల్లెల నుండి తెలుగువారు వత్తురు. పట్టణమునుండియే ఉర్దూ మాటలాడువారు వత్తురు. ముప్పది కిలోమీటర్ల దాపున బీదరున్నది గనుక కన్నడము వారు వత్తురు. అప్పుడప్పుడు మరాఠీ వారును దిగుదురు. ఇంటర్మీడియెట్టుతో చదువు చాలించిన పందొమ్మిదేండ్ల పిల్ల, ఒకే చీరను చేతబట్టుకొని, ఎడమవైపు 'అక్కా, గిది జూడు' అనియు, కుడివైపు 'ఆపా, యే దేఖో' అనియు, ఎదుట 'అక్కా, ఇదు నోడి' అనియు, వెనుకకు మరలి 'తాయీ, హే బఘా' అనియు ఊపిరి తీసికొనకుండ పలుకును. విశ్వవిద్యాలయములలో నాలుగు భాషలు నేర్చినవారికి ఆచార్యపీఠము లభించును. అందలి 'పీఠము' అను భాగము ఇచ్చట లభింపదు. ఆమె ఇందరిని చుట్టరికము కలిపి పిలుచును గాని, తిరిగి ఆమెను చెల్లెలని పిలిచినవారు అరుదు. 'ఏయ్ పిల్లా' యన్నచో నాలుగు భాషలవారికిని పని జరిగిపోవుచున్నది.

ఇక లగ్గము బట్టల బేరము. దీనిని కన్నులార చూడనివాడు భారతయుద్ధమును టీవీలో చూచినను ప్రయోజనము లేదు. ఒక పెండ్లికూతురు, ఆమె తల్లి, మేనత్త, పెద్దమ్మ, ఇద్దరు అక్కలు, బట్టల విషయమున అందెవేసిన చేయియని పేరు మోసిన పొరుగింటామె, ఐసుక్రీము చేతనున్న పిల్లలు, వీరిని దింపి నేరుగా సోఫావైపు నడచు మగవారు. ఇంతమంది ఒకేసారి లిఫ్టునుండి వెడలుదురు. కొనవలసినవి లగ్గపు చీర, ఒడిబియ్యపు చీర, అత్తగారి చీర, ఆపైన లెక్కకు మిక్కిలియగు పెట్టుడు చీరలు. మొదట గద్వాల దిగును, తరువాత నారాయణపేట, తరువాత పోచంపల్లి, తరువాత కంచి. అటుపిమ్మట, గద్వాల చీరకు కంచి అంచు తగిలించి పోచంపల్లి రంగులో నారాయణపేట ధరకు దొరకునా యన్న ప్రశ్న దిగును.

'గిదే చీర గావాలె పిల్లా, గని గీ అంచు వద్దు. గా దాని అంచు గావాలె.'

'గట్ల రాదక్కా. గది నేసినోళ్ళు ఏరే, గిది నేసినోళ్ళు ఏరే.'

'అయితె లోపట కొత్త మాలు ఉంటది, తియ్యి. దాసిపెడ్తరు మీరు.'

లోపల దాచిన మాలున్నదను విశ్వాసము మన జాతికి పునర్జన్మ విశ్వాసముకంటె గట్టిది. అందువలన ఆ పిల్ల లోపలికి పోయి, గోడవైపు తిరిగి ఒక నిట్టూర్పు విడిచి, ముందు చూపిన చీరలలో అడుగునబడిన యొకదానిని తెచ్చి పరచును. 'ఇగో, గిది ముందే ఎందుకు తియ్యలే!' యని పెద్దమ్మ గెలిచిన చూపు చూచును. పెండ్లికూతురు మాత్రము నోరు విప్పదు. ఆమె అభిప్రాయము అడుగుట ఈ తతంగమున చిట్టచివరి అంకము, అదియు ఒక్కొక్కసారి మరచిపోబడును.

ఈ ఘట్టమున మగ గుమాస్తా పాత్ర కరుణరసమునకో హాస్యరసమునకో చెందినదని నేను ఇప్పటికిని నిర్ణయింపలేకున్నాను. నిన్నగాక మొన్న మీసకట్టు వచ్చిన యువకుడు, జిల్లా వాలీబాలు పోటీలకు ఆడినవాడు, భుజముపై పైట సవరించుకొని, కుచ్చిళ్ళు పోసికొని, నడుమున దోపుకొని, అద్దము ముందు ఒక చుట్టు తిరిగి, జరీ మెరయునట్లు కొంగును మోచేతిపై పరచి నిలుచును. పొరుగింటామె తల వంచి, కన్ను చిట్లించి, తీర్పు చెప్పును: 'నీకైతె మంచిగనే ఉన్నది బిడ్డా, మా పిల్లకు ఎట్లుంటదో.' తన లగ్గమునకు పైసలు కూడబెట్టుకొనుటకై కొలువున చేరిన ఆ యువకుడు ఎందరి లగ్గపు చీరలు ముందుగా తానే కట్టినాడో ఆ అద్దమునకు తెలియవలెను.

మూడు గంటల పిమ్మట, నేల కనబడకుండ పరచిన చీరల నడుమనుండి ఆ పరివారమంతయు మెల్లగా లేచి, రెండు పెట్టుడు చీరలు మాత్రము బిల్లు చేయించుకొని, 'బీదర్ల గూడ ఒకపారి జూసొస్తం' అని సెలవు తీసికొనును. ఇప్పుడు మడత ఘట్టము. విప్పుటకు రెండు క్షణములు పట్టిన చీరను, కాగితము లోపల, అట్ట నడుమ, జరీ వంగకుండ, ట్యాగు పైకి కనబడునట్లు, మొదటి మడతలోనే మడచి, వచ్చిన అరలోనే సర్దవలెను. ఆ నెల టార్గెట్టు లెక్కలో ఈ మడతలకు గుండుసున్న. అమ్మిన చీరకే లెక్క, మడచిన చీరకు లెక్క లేదు. మా పట్టణపు పెండ్లి ముహూర్తములను పంచాంగకర్తకంటె ముందుగా ఈ పిల్లల మణికట్లు చెప్పగలవు.

ముహూర్తములు లేని ఆషాఢమున విశ్రాంతి దొరకునేమో యని యాశపడుదురు గాని, ఆషాఢమున చీరలు త్రాసెక్కును. 'కిలో సేల్' అని బయట ఫ్లెక్సీ కట్టగనే, సంవత్సరమంతయు జరీ యని, నేతయని, కళయని చెప్పిన నాలుకతోనే ఇప్పుడు 'అక్కా, ఇంకో నూటేబై గ్రాములు వేసుకోండి' యని చెప్పవలసి వచ్చును. ఆలుగడ్డలు పండించు రైతు తూకమున గట్టివాడు గదా, చీరల త్రాసునందును ముల్లువంకనే చూచును. తూకము సరిపోవుటకై చివర ఒక జాకెట్టు ముక్క కొసరు అడుగును. ఆ తరువాత శ్రావణము. ఆ తరువాత బతుకమ్మ. సద్దుల బతుకమ్మనాడు ఊరి ఆడపడుచులందరికిని క్రొత్త చీరలు మడచి యిచ్చి పంపిన పిల్ల, షట్టరు దిగిన పిమ్మట ఇల్లు చేరి తాను ముస్తాబగునప్పటికి, బతుకమ్మలు చెరువునకు సాగిపోయియుండును.

రంజాను మాసము చివరి దినములలో అర్ధరాత్రి దాటినను అంగడి సద్దుమణుగదు. అయితే ఆ మాసమున ఒక విశేషము కలదు. సాయంకాలము ఇఫ్తారు వేళకు, రోజా ఉన్న కుర్రవాడు గిడ్డంగి మూలన చాప పరచుకొని కూర్చుండును. అది మతవిషయము గనుక మేనేజరు నోరు మెదపడు. వాడు ఖర్జూరములు నలుగురికి పంచును గనుక మల్లన్న పేరు గలవాడును, ఏసు పేరు గలవాడును వచ్చి వాని ప్రక్కన కూర్చుందురు. సంవత్సరమునకు ఒక నెల, పగలంతయు ఉపవాసమున్నవాని పుణ్యమున, మిగిలినవారికి కూర్చుండి తిను భాగ్యము కలుగుచున్నది. ఇంతకు మించిన మతసామరస్యమును ఏ వేదికపైనను నేను చూడలేదు.

పన్నుల సంగతియు ఈ కొలువువారే ప్రజలకు బోధింపవలెను. ఒకప్పుడు వెయ్యి రూపాయల వరకు నూటికి 5, ఆపైన 12 పన్నుండెను గనుక చొక్కాలన్నియు 999 వద్ద ఊపిరి బిగపట్టి నిలుచుండెడివి. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ గీత 2,500కు జరిగి, గీత దాటిన సిద్ధదుస్తులపై పన్ను 18కి లేచినందున, ఇప్పుడవి 2,499 వద్ద నిలుచుండుట నేర్చుకొన్నవి. ఆర్థికమంత్రిణి ఢిల్లీలో ఒక్కసారి చదివిన విషయమును మా పిల్ల ప్రతి ట్యాగునొద్దను రోజంతయు చదువుచున్నది. పార్లమెంటులో మంత్రులు నిలిచి చదివి, వెంటనే కూర్చుందురు. అది మరొక విషయము.

చట్టము లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది. 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము, రాష్ట్రము వేరుపడిన తరువాత తెలంగాణ పేరు పెట్టుకొని, నేటికిని సజీవముగ నున్నది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు, అంతకు మించినచో రెట్టింపు కూలి యని అది పలుకును. షోరూములును ఆ 8 గంటలను శిరసావహించుచున్నవి. శిరసు నిండిపోయినందున మిగిలిన మూడున్నర గంటలను కాళ్ళపై మోపినవి. ఇక కూర్చుండుటను గూర్చి యందురా, మా పట్టణపు పొలిమేరలోనే ఇందుకొక వింత కలదు. ఇచ్చట మహీంద్రావారి ట్రాక్టర్ల కర్మాగారమున్నది. నిలిచి పనిచేయవలసిన కార్మికులకు, పని నడుమ సందు దొరకినపుడు విశ్రమించుటకై, కూర్చుండు ఏర్పాటు చేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 44వ సెక్షనులో శాసించినది. అనగా ఇనుము బిగించువానికి స్వరాజ్యము వచ్చిన మరుసటి యేటనే కుర్చీ దొరకినది. పట్టు మడచుదానికి దొరకలేదు. పట్టు తేలిక, ఇనుము బరువు, అని శాసనకర్తలు భావించియుందురు; ఒక్కొక్క పట్టుచీరను గాక ఒక దినపు పట్టుచీరలన్నిటిని కలిపి తూచిన త్రాసు వారివద్ద లేకపోయెను.

ఆంగ్లేయులు మనకంటె ఒక అర్ధశతాబ్దము ముందుగనే ఈ చిక్కును గుర్తించినారు. 1899లో వారి పార్లమెంటు, దుకాణములలో పనిచేయు స్త్రీలకు ముగ్గురికొక్క ఆసనము తక్కువకాకుండ ఉండవలెనని చట్టము చేసినది. ముగ్గురిలో ఇద్దరు ఎప్పుడును నిలిచియుండుటచేత సామ్రాజ్య గౌరవమునకు భంగము రాలేదు. హెచ్.జి. వెల్స్ మహాశయుడు కూడ బాల్యమున, 1881 నుండి రెండేండ్లు, సౌత్‌సీ పట్టణపు బట్టల దుకాణమున శిష్యరికము చేసినవాడే. పొద్దున మొదలు పదమూడు గంటల కొలువు చేసి, దుకాణపు వసతిలోనే పండుకొని, తుదకు తాళలేక విడిచివచ్చి, కాలయంత్రమును గూర్చిన కథ వ్రాసినాడు. పదమూడు గంటలు గడియారమును చూచుచు నిలుచున్నవానికి కాలమును ముందుకు నెట్టు యంత్రము తోచుటలో నాకాశ్చర్యము లేదు.

మన దేశమున మాత్రము ఈ స్టూలు మలయాళదేశమునుండి బయలుదేరినది. కోజికోడ్ నగరమున మిఠాయి తెరువు అను బజారులో, కుట్టుపని చేయు విజి యను స్త్రీ, తోటి స్త్రీలను కూడగట్టి, మొదట మరుగుదొడ్డి కొరకు, పిదప కూర్చుండు హక్కు కొరకు ఏండ్ల తరబడి పోరినది. కుర్చీ కొరకు పోరాడువారిని మనము ప్రతి యెన్నికలోను చూచుచున్నాము గాని, కూర్చుండుటకై కుర్చీ నడిగినవారిని ఆమెతోనే చూచితిమి. 2018లో కేరళ ప్రభుత్వము తన దుకాణముల చట్టమును సవరించి ఆ హక్కును ఒప్పుకొన్నది. 2021లో తమిళనాడు ఆ బాటనే నడచినది. అంతకు ముందు 2010లో వసంతబాలన్ చెన్నై రంగనాథన్ వీధి బట్టల దుకాణపు బ్రతుకులను 'అంగాడి తెరు' అను చిత్రముగ తీయగా, అది తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో వచ్చినది. మనవారు కుర్చీలలో కూర్చుండి చూచి, కండ్లు తుడుచుకొని, మరునాడు బట్టలు కొనబోయి, ఇంకా కొత్త మాలు తీయుమనిరి. ఈ విధముగ ఆ స్టూలు కోజికోడ్‌నుండి చెన్నై చేరుటకు మూడేండ్లు పట్టినది. సిరిసిల్ల వస్త్రముకంటెను, సూరతు చీరకంటెను మెల్లగా ప్రయాణము చేయు సరకిది. జహీరాబాద్‌కు రైలు మార్గము కూడ కలదని ఎవరైనను దానికి తెలియజేసినచో మేలు.

అది వచ్చువరకు ఊరకుండనేల యని నేనొక ఉపాయము ఆలోచించితిని. షోరూమున సోఫా ఇదివరకే యున్నది. దానిపై పగలంతయు భర్తలున్నారు. వీరికి వేరొక పని లేదు. ఉన్నదల్లా ఫోనులో ట్రాక్టరు బేరములు వినుట, ఆవులించుట, బిల్లెంతైనదని నడుమ నడుమ దిగులుగా అడుగుట. భార్యలు విప్పిన చీరలను భర్తలు నిలిచి మడత పెట్టవలెననియు, ఆ వ్యవధిలో ఖాళీయగు సోఫాపై అమ్మకపు పిల్లలు కూర్చుండవచ్చుననియు ఒక నియమము చేసినచో, చట్టసభకు శ్రమ లేదు, యాజమాన్యమునకు కుర్చీ ఖర్చు లేదు. పైగా తాము విప్పించినదానిని తమ భర్తయే మడవవలెనని తెలిసిన స్త్రీలు మునుపటికంటె రెట్టింపు ఉత్సాహముతో విప్పింతురు గనుక అమ్మకములు కూడ పెరుగును.

ఈ ఉపాయమును సోఫాపై కూర్చున్న కోహీరు పెద్దమనిషి యొకనికి విన్నవింపగా, ఆయన మడత మాట వినబడనట్లు నటించినను, ధర్మాత్ముడు గనుక, రెండవ మాటను మాత్రము పట్టుకొని, ప్రక్కకు జరిగి, ఎదుట నిలుచున్న పిల్లను పిలిచి, 'ఎంతసేపు నిలబడ్తవ్ బిడ్డా, నేను జరిగిన, జరంత కూసో' అన్నాడు.

ఆమె కప్పువైపు ఒకసారి చూచి, నవ్వి అన్నది: 'మీరు జరిగిన్రు పెద్దయ్యా, కెమెరా జరగాలె గద!'